మామిడి, చింత: మెట్టతోటకు రెండు మహావృక్షములు

విజయవాడ నుండి మైలవరము మీదుగా తిరువూరునకు పోవు రహదారిపై నున్న జి. కొండూరు చుట్టుప్రక్కల మెట్టభూములలో, అనగా నూజివీడు మామిడిసీమ యని వర్తకులు వ్యవహరించు విశాలప్రదేశమునకు పడమటి యంచున, కొద్దిపాటి నేల గల గృహస్థుడు తరతరములు నిలుచునట్టి పెద్దచెట్టును నాటదలచినపుడు అతని మనస్సునకు తోచునవి ముఖ్యముగా రెండు: మామిడి, చింత. వేపయు నేరేడును పనసయు ఈ సీమలో లేకపోలేదు; కాని కాయ యమ్మి నాలుగు రూకలు చేసికొనుటకును, ఏడాది పొడవున వంటయింటికి పనికివచ్చుటకును, ఎండకాలమున నీడ నిచ్చుటకును ఏకకాలమున ఉపకరించు వృక్షములలో ఈ రెంటికి సాటి వచ్చునది మూడవది కానరాదు. రెండును దీర్ఘాయువులు, రెండును మెట్టనేల కలవాటుపడినవి. అయినను స్వభావమున బొత్తిగా భిన్నములు. మామిడికి మనిషి యొక్క కావలి నిత్యము కావలయును, చింత తొలి నాలుగైదేండ్లు గడచిన పిదప ఎవరి పోషణయు కోరదు. ఈ భేదమును గుర్తింపక రెంటిని ఒకే వరుసలో, ఒకే ఎడముతో నాటిన తోటలలో ఇరువది యేండ్లు తిరుగకమునుపే చిక్కు మొదలగును.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనముతో జి. కొండూరు ఎన్.టి.ఆర్. జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరినవి. కాగితముల మీద గీత మారినను తోటల భూగోళము మారలేదు: ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెము, మైలవరము, జి. కొండూరు ఇవి యన్నియు మామిడి విషయమున ఒకే సీమ. ఇక్కడి పంట చేరు ప్రధానమైన మార్కెట్టు విజయవాడ చెంతనున్న నున్న గ్రామములోనిది.

జన్మస్థానము, కుటుంబము

ఉభయవృక్షములకును శాస్త్రనామము లిడినవాడు స్వీడను దేశీయుడగు లిన్నేయసు. 1753లో వెలువడిన ఒకే గ్రంథమున మామిడికి మాంగిఫెరా ఇండికా యనియు, చింతకు టామరిండస్ ఇండికా యనియు పేళ్లు పెట్టి, రెంటిని పేరులో భారతదేశముతోనే ఆయన ముడిపెట్టెను. మామిడి విషయమున అది సత్యమే. ఈశాన్యభారతము, బర్మాదేశము ఈ రెంటి నడుమనున్న అరణ్యభూమి దాని జన్మస్థానమని వృక్షశాస్త్రజ్ఞుల యభిప్రాయము. చింత పుట్టినిల్లు మాత్రము ఉష్ణమండలపు ఆఫ్రికా. ఎంత పూర్వకాలముననో అది సముద్రము దాటి వచ్చి, మన చారులోను పులుసులోను కలిసిపోయి, పరదేశి యని చెప్పిన నమ్మశక్యము కానంతగా మనదైనది. నేడు మామిడిపంటలోను చింతపంటలోను గూడ ప్రపంచమున ప్రథమస్థానము భారతదేశమునదే.

మామిడి జీడికుటుంబమునకు చెందినది. జీడిమామిడి, నల్లజీడి, అంబాళము, గుంపెన దాని జ్ఞాతులు. కోసిన కాయ తొడిమ నుండి చిమ్ముకొని వచ్చి చర్మమును పొక్కించు సొన ఈ వంశలక్షణమే. చింత చిక్కుడు కుటుంబములోనిది. కందియు తంగేడును రేలయు దానికి దూరపు చుట్టములు. మాంగిఫెరా ప్రజాతిలో పదులకొలది జాతు లుండగా, టామరిండస్ ప్రజాతిలో చింత యొక్కటియే కలదు.

పెద్దచెట్లను ప్రయత్నపూర్వకముగా నాటించిన ఏలికలలో అశోకుడు ప్రాచీనుడు. తాను బాటల వెంట మఱ్ఱిచెట్లను, మామిడితోపులను పెంచితినని ఆయన తన స్తంభశాసనమున చెప్పుకొనెను. నూజివీడు ప్రాంతమున మామిడితోటలు విస్తరించుటకు అచ్చటి జమీందారులగు మేకా వంశీయుల అభిరుచియు ఒక కారణమని చెప్పుదురు. చింతకు రాజాదరణ కంటె జనాదరణ యెక్కువ. గ్వాలియరులో తాన్‌సేను సమాధి చెంతనున్న చింతచెట్టు ఆకు నమిలినచో గొంతు శ్రావ్యమగునని గాయకుల నమ్మకము. ఆళ్వారు తిరునగరిలోని చింతచెట్టు నమ్మాళ్వారులు తపస్సు చేసిన స్థానముగా వైష్ణవులకు పూజ్యము. కర్ణాటకమున దేవనహళ్లి చెంతనున్న నల్లూరు చింతతోపు 2007లో మన దేశమున ప్రథమ జీవవైవిధ్య వారసత్వస్థలముగా ప్రకటింపబడినది.

రూపము, ఎదుగుదల

టెంక నాటి పెంచిన నాటుమామిడి నూరడుగుల ఎత్తు వరకు ఎదుగగలదు. కాని నేటి తోటలలోని అంటుచెట్టు కొమ్మలు కత్తిరించుచు పెంచుటచే సాధారణముగా ముప్పది, నలువది అడుగులు దాటదు. గుమ్మటము వలె గుండ్రముగా, దట్టముగా, నేలకు దగ్గరగా కొమ్మలు చాచుట దాని రూపము. చింత అరువది మొదలు ఎనుబది అడుగుల వరకు పెరిగి, నలుదెసల అంతే విశాలముగా విస్తరించును. దాని మాను ముదిరిన కొలది ముడులుపడి, గాడులుపడి, ఇద్దరు మనుష్యులు చేతులు చాచి పట్టినను అందనంత లావెక్కును. విత్తనపు చింత మొదట మిక్కిలి మందకొడిగా, ఏడాదికి సుమారు రెండడుగుల చొప్పున పెరుగును. ఈ మాంద్యమును చూచియే జనులు దానికి తోటలో చోటిచ్చుట కలదు. ఎదుగుట ఆలస్యమే గాని ఆగుట లేదు. రెండువందల యేండ్లు కాచు చింతలు అరుదు గావు. మామిడియు నూరేండ్లు బ్రతుకును గాని, అంటుతోట నలువది, యేబది యేండ్లకు దిగుబడి తగ్గి ముదురుతోట యనిపించుకొనును.

ఆకుల భేదము చూచుట కల్పమైనను తోటమాలికి ముఖ్యమైనది. మామిడాకు జానెడు పొడవు, బిరుసు. రాలినచో తొందరగా కుళ్లదు, కాని ఊడ్చుట తేలిక. చింతాకు పది మొదలు ఇరువది జతల చిట్టాకులు గల ఈనె. సూర్యుడు క్రుంకగానే ఆ చిట్టాకులు రెండేసిగా ముడుచుకొని, తెల్లవారగానే విప్పుకొనును. మాఘ ఫాల్గుణములలో పాత యాకు రాలునపుడు ఆ చిట్టాకులు బావిలోను, పెంకుటింటి కప్పు సందులలోను, నీళ్లతొట్టిలోను చేరి, చీపురునకు లొంగక, గృహిణికి విసుగు కలిగించును. ఇంటి కానుకొని చింత నాటరాదనుటకు దయ్యముల కథ కంటె ఈ యాకులే బలమైన హేతువు.

నేల, నీరు, గాలి

జి. కొండూరు మండలమున చిన్న చిన్న కొండలు, వాటి పాదములలో ఎఱ్ఱనేలలు, పల్లములలో నల్లరేగడి కలవు. ఏటి వర్షపాతము ఇంచుమించు 1000 మిల్లీమీటర్లు. అందు అధికభాగము నైరృతి ఋతుపవనముల వలన జూను, సెప్టెంబరు నెలల నడుమ పడును. మే మాసమున ఎండ 45 డిగ్రీల చెంతకు పోవుట కలదు. నీరు నిలువని లోతైన ఎఱ్ఱనేల మామిడికి శ్రేష్ఠము. రేగడి తడిసి ఉబ్బి, ఎండి పగులుటచే వేళ్లు తెగును గనుక అందు మామిడి సుఖింపదు. చింత మామిడి కంటె అధమమైన నేలను, గులకరాతి దిబ్బను, కొంత చౌడును సైతము సహించును. మామిడితోట నిలువని చోట చింత నిలుచుట ఈ ప్రాంతపు గుట్టల క్రింద ఎవరైనను చూడవచ్చును.

నీటి విషయమున రెంటి మర్యాదలు వేరు. మామిడికి పాదులు చేసి తొలి మూడు నాలుగేండ్లు వేసవిలో నీరు పెట్టవలెను. కాపు చెట్టునకు మాత్రము వానలు వెనుకబట్టిన పిమ్మట పూతకు ముందు రెండు మూడు నెలలు నీరు కట్టివేయవలెను. ఆ బెట్ట తగిలిననే పూమొగ్గ వచ్చును. దయ తలచి తడి పెట్టినచో పూతకు బదులు చిగురు పుట్టును. పిందె బఠాణీగింజంత యైన తరువాత మరల నీరు పెట్టినచో పిందెరాలుడు తగ్గి కాయ ఊరును. ఈ లెక్క తెలియక తోట పాడుచేసికొన్నవారు కలరు. వారిలో బోరునీరు సమృద్ధిగా గలవారే యెక్కువ. చింతకు ఈ నియమములు లేవు. వేరు లోతునకు దిగిన పిదప అది ఆకాశము మీద ఆధారపడి బ్రతుకును.

నిలువనీరు మాత్రము రెంటికిని శత్రువే. మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టిన బుడమేరు జి. కొండూరు మండలము మీదుగా పారును. ఆ వరదను కృష్ణానదిలోనికి మరలించు కాలువకు తల వెలగలేరు వద్దనున్న రెగ్యులేటరు. 2024 సెప్టెంబరు ఆరంభమున కురిసిన కుంభవృష్టికి ఆ కాలువ కట్ట ఈ మండలముననే తెగి, విజయవాడలో పెక్కు ప్రాంతములు జలమయమైన సంగతి సర్వవిదితము. కావున ఈ మండలమున చెట్టు నాటువాడు నేల రంగు చూచుటకు ముందు నేల వాలు చూడవలెను. పల్లమున నాటిన చిన్నమొక్క ఏదైనను, వారము దినములు నీట నిలిచినచో తిరిగి కోలుకొనుట దుర్లభము.

గాలికి నిలుచుటలో చింత నిస్సందేహముగా మిన్న. దాని కొమ్మ వంగును గాని తొందరగా విరుగదు. వేరు లోతైనది, పట్టు గట్టిది. ఈ గుణమునకు తెలుగునాట చరిత్రసాక్ష్యము కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసి వేలకొలది జనులను పొట్టబెట్టుకొన్నపుడు, అఫ్జల్‌గంజి తోటలోని చింతచెట్టు నెక్కి సుమారు నూటయేబది మంది ప్రాణములు దక్కించుకొనిరి. నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో నున్నది ఆ చెట్టే. మామిడిచెట్టు గాలికి కూలుట అరుదే గాని, దాని దుర్దశ వేరొకటి: కాయ నిండుగా వ్రేలాడు ఏప్రిల్, మే నెలలలోనే గాలివానలు వచ్చును. ఒక్క సాయంకాలపు సుడిగాలితో ఏడాది కష్టము నేలపాలై, కోతకాయ కావలసినది రాలుకాయగా బుట్టలలో పోసి, వచ్చిన ధరకు తెగనమ్ముట రైతునకు అనుభవమే. చింత కాయ అప్పటికే ఇల్లు చేరియుండును.

పూత, కాపు, చీడ

మామిడి డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు పూయును. ఒక్కొక్క పూగుత్తిలో వేలకొలది పూలుండును; అందు కొన్ని కేవలము మగపూలు, కొన్ని ద్విలింగపుష్పములు. పువ్వును కండ్లకు దగ్గరగా పెట్టుకొని చూచినచో ఐదు రేకుల నడుమ సాధారణముగా పుప్పొడి గల కేసర మొక్కటియే కనబడును. ఈగలును చిన్నచిన్న పురుగులును దానిని చేరవేయవలెను. ఇంత ఆడంబరము చేసి వేయి పూలలో ఒకటి కాయయై నిలిచినను అది మంచి కాపే. ఈ పూతకాలముననే తేనెమంచు పురుగు గుత్తుల రసము పీల్చి, తేనె వంటి జిగటను విడువగా, దానిపై మసి పట్టి ఆకులు నల్లబడును. చల్లని రాత్రులు, మబ్బుపట్టిన ఉదయములు వచ్చినచో బూడిదతెగులు తెల్లగా గుత్తి నావరించి పూతను మాడ్చివేయును. వీనికి తోడు పక్షికన్ను తెగులు, టెంకపురుగు, పండుఈగ, మాను తొలుచు పురుగు, ఈ నడుమ పెచ్చుపెరిగిన తామరపురుగు. మందు చల్లక మామిడి పండించెద ననువాడు ఒకటి రెండు చెట్ల యజమానుడైనచో క్షమార్హుడు గాని, పదియెకరముల తోట గలవాడైనచో సాహసికుడే. కాయకు కాగితపు సంచి తొడిగి పెంచుట ఈ సీమలో ఇటీవల వ్యాపించిన మేలైన పద్ధతి. ఈగ తాకదు, మచ్చ పడదు, రంగు తీరును.

మామిడిలో మరియొక స్వభావము కలదు: ఒక యేడు విరుగగాచిన చెట్టు మరుసటి యేడు అలసి ఊరకుండును. అంటులలో రకమును బట్టి ఈ గుణము హెచ్చుతగ్గులుగా నుండును. ఈ సీమకు ప్రసిద్ధి తెచ్చినవి చిన్నరసము, పెద్దరసము, చెరుకురసము అను రసపుజాతులు. వీనిని కోసి ముక్కలు చేయుట రసికత కాదు, మెత్తగా పిసికి, ముచ్చిక తుంచి, జుఱ్ఱుకొనవలసినవి. తోటవిస్తీర్ణమున నేడు అగ్రస్థానము బంగినపల్లిదే. 2017లో భౌగోళికగుర్తింపు పొందినదియు అదియే. మన రైతులు కలెక్టరు కాయ యని పిలుచు తోతాపురి గుజ్జు కర్మాగారములకు పోవును. ఇంటితోటలో ఒక్కటే చెట్టు నాటువాడు బంగినపల్లి కొఱకు వెంపరలాడుట నాకు సమంజసముగా తోచదు. అది సంతలో ఎల్లపుడు దొరకును. మంచి రసపుచెట్టు గాని, ఏటికి రెండు కాపులిచ్చు పునాస గాని పెరటికి తగినవి.

చింత పూత వేసవిలో ప్రారంభమగును. దాని పువ్వు చిన్నది, తేలిక పసుపు రంగున ఎఱ్ఱని చారలు గలది. ఐదు రేకులలో మూడే విప్పారి, రెండు నూలుపోగుల వలె సన్నగిల్లి యుండును. తేనెటీగ లాడి ఫలదీకరణము జరిగిన పిదప కాయ ఊరుటకు ఎనిమిది, తొమ్మిది నెలలు పట్టును. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు కాయ దులుపుదురు. ఎదిగిన చెట్టునకు నూటయేబది మొదలు రెండువందల కిలోల కాయ వచ్చుట సాధారణము. అందు గుజ్జు సగమునకు లోపుగానే యుండి, తక్కినది పెంకు, పిక్క, ఈనె. చింతయు ఒక యేడు ఎక్కువ, ఒక యేడు తక్కువ కాచును. చెట్టు మీద నుండగా దానికి గొప్ప చీడ లేదు, ఉపద్రవము కొట్టులోనే. చింతకాయను తొలిచి పిక్కలో చేరు పెంకుపురుగు వేరుసెనగ గింజను గూడ పట్టును గనుక, ఆ రెండు సరకులను ఒకే గదిలో నిలువచేయుట అవివేకము.

నీడ

రెండు వృక్షములను ఒకే తోటలో పెంచువారు అలక్ష్యము చేయు విషయము నీడ. మామిడిచెట్ల క్రింద తొలి ఆరేడేండ్లు మినుము, పెసర, కూరగాయలు అంతరపంటగా వేసికొనవచ్చును. కొమ్మలు కలిసికొన్న పిమ్మట అది సాగదు. ముదురు చింత క్రింద గడ్డి పరక గూడ సరిగా మొలవదు. నేల చదునుగా, శుభ్రముగా, కళ్లము వలె నుండును. బండ్లు విప్పుటకును, పంచాయతి తీర్చుటకును, పశువులను కట్టుటకును అది అనుకూలము, పంటకు ప్రతికూలము. చింత క్రింద రాత్రి నిద్రింపరాదని పెద్దలు చెప్పుదురు. దయ్యముల నమ్మనివారు సైతము గబ్బిలముల రెట్టకును, ఎండుకొమ్మల భయమునకును వెఱచి ఆ మాట పాటించుట మంచిదే.

చింతనీడ మామిడిపై పడుట వలని నష్టమును లెక్కవేసి చూపవచ్చును. జి. కొండూరు ఉత్తర అక్షాంశము 16.7 డిగ్రీల చెంత నున్నది. డిసెంబరు 21న, అనగా మామిడి మొగ్గ తొడుగు దినములలో, మధ్యాహ్నసూర్యుడు ఇచ్చట దక్షిణాకాశమున 50 డిగ్రీల ఎత్తునకే వచ్చును. అపుడు అరువదడుగుల చింత నీడ నడిమధ్యాహ్నము సైతము ఉత్తరముగా ఏబదడుగుల దూరము పరచుకొనును. ఉదయసాయంకాలములందు వాయవ్య, ఈశాన్యదిక్కులకు మరింత సాగును. చింతను తోటకు దక్షిణపు గట్టున నాటినచో దానికి ఉత్తరముగా నున్న రెండు వరుసల మామిడి పూతకాలమున ఉదయపుటెండకు దూరమగును. రాత్రి పడిన మంచు తొందరగా ఆరదు. బూడిదతెగులునకు కావలసిన ఆనుకూల్యమంతయు అమరును. అదే చింతను ఉత్తరపు గట్టున నాటినచో ఆ నీడ తోట వెలుపలనే పడును. మే నెలలో సూర్యుడు నడినెత్తికి వచ్చి, తరువాత కొద్దిగా ఉత్తరమునకు జరిగినను, జూను 21 నాటి మధ్యాహ్నపు నీడ దక్షిణముగా సుమారు ఏడడుగులే. వేసవిలో వీచు వడగాలి పడమటిది గనుక వాయవ్యమూల చింతకు సర్వోత్తమస్థానము. పొరుగువాని పొలమున నీడ పడుటచే తగవు వచ్చునందురా, గట్టు నుండి ఇరువదడుగులు లోపలికి నాటి, పొరుగువానికి ఏటేట ఒక తట్ట చింతకాయ పంపుట మన పల్లెలలో తెలిసిన రాజీమార్గమే.

వంటయిల్లు, వ్యాపారము, కలప

తెలుగువారి ఉగాది పచ్చడిలో ఈ రెండు వృక్షములును కలిసికొనును: మామిడి నుండి పిందె, చింత నుండి కొత్త చింతపండు. ఆ దినము తరువాత వాని మార్గములు వేరు. మామిడి ఆవకాయగా, మాగాయగా, తాండ్రగా, పండుగా రెండు మూడు నెలల సంబరము. ఆవకాయకు పులుపెక్కి పీచుగట్టిన నాటుకాయ, జలాలు మేలని గృహిణు లెంచుదురు. చింత సంవత్సరమంతయు నడచు వ్యవహారము. వేసవి చిగురు పప్పులోనికి, ఒనగాయ పులుసులోనికి, పచ్చికాయ ఉప్పు పసుపులతో దంచి ఏండ్లతరబడి నిలువయుండు పచ్చడికి, పండు చారు మొదలు పులిహోర వరకు సమస్తమునకు పనికివచ్చును. గుజ్జులోని పులుపునకు మూలము టార్టారిక్ ఆమ్లము. ఎండిన గుజ్జులో అది నూటికి ఎనిమిది మొదలు పదునెనిమిది పాళ్లుండును, చక్కెర అంతకు రెండు మూడు రెట్లున్నను పులుపే పైకి వచ్చును. చింత చచ్చినను పులుపు చావదన్న సామెత ఊరకే పుట్టినది కాదు.

వ్యాపారదృష్టితో చూచినచో మామిడి ఆదాయమున అధికము, నమ్మకమున హీనము. పూతమీదనో పిందెమీదనో తోటను వర్తకునికి గుత్త కిచ్చు ఆచారము ఈ సీమలో బలమైనది. అందు గాలివాన నష్టము వర్తకునిది, ధర పెరిగిన లాభమును వర్తకునిదే. స్వయముగా అమ్ముకొనువాడు చిక్కముతో కాయను తొడిమ తెగకుండ కోసి, సొన కార్చి, గడ్డిలో సర్ది, రెండు దినములలో మార్కెట్టు చేర్చవలెను; ఆ దినమున వందలకొలది లారీలు దిగినచో కోతకూలి గూడ రాదు. చింతపండు అట్లు తొందరపెట్టదు. పెంకు తీసి, పిక్క కొట్టి, ఉప్పు చల్లి కుండలోనో డబ్బాలోనో పెట్టినచో ధర వచ్చువరకు ఆగవచ్చును. కాయ దులుపుట మాత్రము ప్రమాదభరితము. ఎత్తైన కొమ్మల నెక్కి గడతో కొట్టగల మనుష్యులు నానాటికి తగ్గుచున్నారు, కూలి పెరుగుచున్నది. పెంకు తీసి పిక్క కొట్టు పని అధికముగా స్త్రీలచేతిది, మందగతిగా సాగునది.

చింతపిక్క వ్యర్థము కాదు. పిల్లలకు వామనగుంటలాటలో పిక్కలే ధనము. బట్టల మిల్లులలో నూలునకు గంజి పెట్టుటకు పిక్కల పిండి వాడుదురు. జి. కొండూరునకు సమీపముననే యున్న కొండపల్లిలో బొమ్మలు చేయువారి వద్ద ఆ పిండి ప్రభావము ప్రత్యక్షముగా చూడవచ్చును. తెల్లపొణికి కఱ్ఱను వేడిచేసి తేమ పోగొట్టి, తల, మొండెము, చేతులు వేఱు వేఱుగా చెక్కి, చింతపిక్కల పిండిని రంపపుపొట్టుతో కలిపి పిసికిన మక్కుతో వానిని అతుకుదురు. ఆ మక్కుతోనే ముక్కును, కనుబొమలను, చీర కుచ్చిళ్లను తీర్చి, ఆరిన పిదప సున్నము పూసి రంగులు వేయుదురు. ఏనుగు అంబారి మీద కూర్చున్న రాజు విడివడకుండ నిలుచుట చింత చలువయే.

కలపలో చింతది పైచేయి. అది ఘనపు మీటరుకు 900 కిలోల చెంత తూగు బరువైన కఱ్ఱ. రోకలి, గానుగ, బండి భాగములు, మాంసపు దుకాణములోని మొద్దు దీనితో చేయుదురు. రంపమును మొద్దుబార్చునని వడ్రంగులు విసుగుకొందురు. మామిడికఱ్ఱ తేలిక, పెట్టెలకు, చౌక తలుపులకు, సెంట్రింగు పలకలకు పోవును, చెదపురుగునకు తొందరగా లొంగును. ముదురుతోట నరికినపుడు మామిడి రైతునకు వచ్చునది స్వల్పమే.

నాటు విధము

మామిడిటెంక పండు తిన్న నెల దినములలోగా పాతవలెను, ఆలస్యమైనచో మొలకశక్తి నశించును. చింతపిక్క నెలలతరబడి నిలువయున్నను మొలుచును. మన మామిడిరకముల టెంక నుండి తల్లిపోలిక ఖచ్చితముగా రాదు గనుక అంటు అనివార్యము. పూర్వము కుండీలోని మొక్కను కొమ్మకు చేర్చి కట్టెడివారు. ఇపుడు వెనీరు అంటు పద్ధతియు లేతకాండపు అంటును ప్రచారములో నున్నవి. అంటుమామిడి నాలుగైదేండ్లకు కాపునకు వచ్చును. విత్తనపు చింత కాచుటకు ఎనిమిది, పదియేండ్లు వేచియుండవలెను. అంటుచింత మూడు నాలుగేండ్లకే కాచును, ఎత్తును కొంత అదుపులో నుండును. పెరియకుళము పరిశోధనస్థానము విడుదల చేసిన పీకేఎమ్-1 చింతలో పేరుపొందిన రకము; మన రాయలసీమ నుండి ఎఱ్ఱగుజ్జు గల అనంత రుధిర, తెట్టు అమలిక వచ్చినవి. జి. కొండూరు రైతులలో చింతకు అంటు కట్టుదురను సంగతియే ఎరుగనివారు ఇంకను కలరు. ఈ వ్యాసమున చెప్పిన వానిలో వారికి తక్షణము పనికివచ్చునది బహుశా ఇదియే.

మామిడికి ముప్పది మూడడుగుల ఎడము పెట్టినచో ఎకరమునకు నలువది చెట్లు పట్టును. దగ్గర దగ్గరగా నాటి ఏటేట కత్తిరించు నూతనపద్ధతులలో అంతకు నాలుగింతలు పట్టించుచున్నారు. అది కత్తెరకు బద్ధకింపనివారి సేద్యము. చింతకు నలువదడుగులకు తక్కువ కూడదు. ఇంటిగోడకు, బావికి ఏబదడుగుల దూరము పాటింపవలెను. మూడడుగుల గొయ్యి వేసవిలోనే త్రవ్వి ఎండనిచ్చి, పశువుల యెరువును పైమట్టిని కలిపి పూడ్చి, తొలకరి వానలు రెండు మూడు పడిన పిదప నాటుట రెంటికిని సమానమైన విధి. చింతమొక్క తల్లివేరు సంచి అడుగున చుట్టుకొనియుండినచో దానిని కొనరాదు. అట్టిది నేలలో నిలద్రొక్కుకొనలేదు.

అయిదారు సెంట్ల పెరడు గలవాడు చింత జోలికి పోక, ఒక రసపుమామిడి అంటుతో తృప్తిపడవలెను. అర యెకరము మొదలు పై విస్తీర్ణము గలవాడు లోపలి నేలను మామిడికి విడిచి, వాయవ్యమున ఒక్క అంటుచింతను నాటుట ఉత్తమము. గుట్టపాదమున గులకనేల గలవానికి మామిడి యాశ దండుగ, అచ్చట చింతతోపే వేయదగినది. అంటు కొనువారు నర్సరీలో మొక్క ఎత్తును చూచి మురియక, అతుకు నేలకు జానెడు పైన నున్నదా, పూర్తిగా కూడినదా, అతుకు క్రింద నుండి నాటుచిగురు వచ్చుచున్నదా యని పరీక్షించి, ఆ చిగురును నాటిన నాడే గిల్లివేయవలెను. ఆ యుపేక్ష వలననే బంగినపల్లి యని కొన్న చెట్టు కొన్నేండ్లకు పుల్లని నాటుకాయ కాచును.